ఎర్రగుడ్డ విప్పిందెవరు?

పోయినవారం మీరు నన్ను వదిలి వెళ్లేసరికి నేను అంబో తాత జిమ్‌లో, బరువుల బార్‌ని ఆనించే స్క్వాట్ ర్యాక్ కింద, నోట్లో టార్చి కరుచుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఎడమవైపు ఇనుప చేయి స్తంభానికి అతుక్కునే చోట, వెల్డింగ్ అంచున, వెంట్రుకంత గీత కనిపించింది. గోటితో గీరి చూశాను. గోరు తట్టుకుంది. రంగు మీద గీతయితే గోరు జారిపోతుంది. ఇది ఇనుములోకి దిగిన బీట. లేచి, నా పాత కాలేజీ టీషర్టు చింపి, ఆ చేతికి ఎర్రగుడ్డ కట్టి, దులుపుకుని ఇంటికెళ్లాను.

మా జిమ్‌లో ఎర్రగుడ్డ కట్టి ఉంటే ఆ మిషన్ జోలికి ఎవరూ పోకూడదు. మిషన్ల బాగోగులు చూసేది నేనే కాబట్టి ఈ పద్ధతీ నేనే పెట్టాను. అంతకుముందు ఇంజినీరింగ్ కాలేజీలో నేర్చిన తెలివంతా కూడగట్టి ప్రతి మిషన్‌కీ క్యూఆర్ స్టిక్కర్ అంటించాను. ఫోన్ చూపిస్తే చాలు, నూనె ఎప్పుడు వేశాం, కేబుల్ ఎప్పుడు మార్చాం, బోల్టులు ఎప్పుడు బిగించాం, అన్నీ వస్తాయి. మూడు నెలల్లో ఆ స్టిక్కర్లు స్కాన్ చేసింది నలుగురు. ముగ్గురు వైఫై పాస్‌వర్డ్ అనుకుని చేశారు. నాలుగోదాన్ని నేను.

గుడ్డయితే అందరికీ అర్థమైంది. అంబో తాతకి తప్ప.

ఇవాళ జాలర్లని కాపాడే సాన్ పెద్రో పండగ. పండగంటే మా రేవుపేటలో ముందు రంగు, తర్వాతే దేవుడు. పడవలకి రంగు, చర్చి గేటుకి రంగు, టెస్సీ అక్క పందుల దొడ్డి తలుపుకి కూడా రంగు. రెండు దాటాక జిమ్‌లో అడుగు పెట్టానో లేదో పెయింటు వాసన ముక్కు పగలగొట్టింది. చూద్దును కదా, ర్యాక్ సముద్రపు నీలంలో ధగధగా మెరిసిపోతోంది. ఎడమ చేయి మీద గీత లేదు. గుడ్డా లేదు.

దాని ముందు మరివిక్ అక్క నిలబడి అరచేతులకి సుద్దపొడి రాసుకుంటోంది. బార్‌కి అటొకటి ఇటొకటి ఇరవై కిలోల పళ్లేలు అప్పటికే ఎక్కించేసింది.

"ఆగక్కా! దాని కిందికి వెళ్లకు!"

"ఇదిగో, వచ్చిందమ్మా ఇంజినీరమ్మ," అంది మరివిక్. "మూడింటికి ప్లాజాలో నా లిఫ్టు. ఒళ్లు వేడెక్కించుకోవాలి. ఏం చెప్పాలనుకున్నావో రేపు చెప్పు, తీరిగ్గా వింటా."

మరివిక్ అక్క పొద్దున మార్కెట్‌లో చేపలమ్ముతుంది, సాయంత్రం ఇక్కడ బరువులెత్తుతుంది. ఇవాళ ఊరి నడుమ ప్లాజా మైదానంలో, స్టేజీ మీద నూట ముప్పై కిలోలతో స్క్వాట్ చేస్తే, అంటే భుజాన పెట్టుకుని గొంతుక్కూర్చుని లేస్తే, ప్రావిన్స్ జట్టులో చోటు ఖాయం. సెలెక్టర్ ఊళ్లోకి దిగి, ఎవరింట్లోనో పంది రోస్ట్ తింటున్నాడని కూడా తెలిసింది. ముప్పై ఏళ్లకి, ఒక బిడ్డ పుట్టాక, ఎవరైనా పిలిచి చోటిస్తామనడం ఆవిడకి ఇదే మొదటిసారి. అందుకని నేను తిట్లకి సిద్ధపడే అడ్డం నిలబడ్డాను.

"ఎడమ చేయి బీటలిచ్చిందక్కా. గుడ్డ కట్టి వెళ్లాను. ఎవరో విప్పేశారు."

"చేతులా? ఆ చేతులే కదే నన్ను కాపాడింది! పోయిన నెల నూట పాతిక దగ్గర కాళ్లు మడత పడిపోతే బార్ మొత్తం వాటి మీదే కదా పడింది. నువ్వూ చూశావు."

చూశాను. అందుకే భయం. ర్యాక్‌లో ఆ రెండు ఇనుప చేతులది వింత ఉద్యోగం. ఏడాదంతా ఖాళీగా నిలబడి ఉంటాయి. మనిషి కూలబడిన రోజు, ఒక్క క్షణం, మొత్తం బరువు అవే పట్టుకోవాలి. ఆ ఒక్క క్షణంలో అవి లేకపోతే బార్‌కీ నేలకీ మధ్య మిగిలేది మనిషి మెడ. పోయిన నెల ఆ చేయి మరివిక్‌ని కాపాడింది. కాపాడి, లోపల్లోపల విరగడం మొదలుపెట్టింది.

"ఎవరే నా ర్యాక్‌ని ఆడిపోసుకుంటోంది?"

అంబో తాత. చేతిలో ఇంకా బ్రష్ ఉంది, బనీను మీద సముద్రం ఉంది. రేవు యార్డులో ముప్పై ఏళ్లు ఓడలకి వెల్డింగ్ చేసిన మనిషి. జిమ్‌లో ఉన్న ప్రతి బెంచీ, ప్రతి ర్యాక్, ఆఖరికి టవళ్లు ఆరేసే కొక్కెం కూడా పాత ఓడల ఇనుముతో ఆయన చేసినవే. కొన్న మిషన్ ఒక్కటీ లేదు. కొనడమంటే ఆయనకి అదో అవమానం.

"నేనే తాతా. గుడ్డ ఎవరు తీశారు?"

"నేను తీయలేదు. రంగు వేద్దామని వచ్చేసరికే లేదు."

అందరం టెస్సీ అక్క వైపు చూశాం. తాత కూతురు, జిమ్ బల్ల దగ్గర కూర్చునేది ఆవిడే. గోళ్లు చూసుకుంటున్నట్టు నటించింది.

"జెండాలకి ఒక గుడ్డ తక్కువైంది," అంది మెల్లగా. "ఎర్రది. నువ్వు కట్టింది మంచి ఎరుపు కదా అని..."

తలెత్తి చూశాను. గుమ్మం పైన కాగితం జెండాల దండలో, పసుపుకీ పచ్చకీ మధ్యన, నా కాలేజీ టీషర్టు ముక్క గాలికి ఊగుతోంది. దాని మీద మా మెకానికల్ బ్రాంచి ముద్ర సగం ఇంకా కనబడుతోంది. నా నాలుగేళ్ల చదువు ఆఖరికి తోరణమైంది.

మూలన డంబెల్ పట్టుకుని నిలబడ్డ బోయెట్ అన్న పకపకా నవ్వాడు. ప్యాసింజర్లని ఎక్కించే ట్రైసికిల్ బండి నడుపుతాడు, జిమ్‌కి వచ్చేది మాత్రం కబుర్లకి. "ఇంకా నయం, నిన్నే పట్టుకుని వేలాడదీయలేదు!"

"తాతా, ఆ అతుకు దగ్గర రంగు గీకి చూద్దాం," అన్నాను.

"గీకుతావా? ఇంకా తడి కూడా ఆరలేదే! పండగపూట నా ఇనుముకి బట్టలు విప్పుతావా?"

"బీట ఉంటే?"

"నా అతుకులోనా?" ఆయన గొంతు పెరిగింది. "నేను అతికిన ఓడలు ఇప్పటికీ నీళ్ల మీద తిరుగుతున్నాయే పిల్లా. వాటిలో మనుషులు నిద్రపోతున్నారు. నువ్వు పుట్టకముందు..."

"నేను పుట్టకముందు సంగతి కాదు తాతా. ఈ చేయి పోయినేడు పెట్టింది."

మరివిక్ సుద్ద చేతులు రెండూ గట్టిగా చరిచింది. తెల్లటి పొగ లేచింది. "మీ ఇద్దరి పంచాయితీ తేలేసరికి నేను ముసలిదాన్నైపోతా. ప్లాజాలో కూడా ర్యాక్ ఉందిగా, పోయి అక్కడే చేసుకుంటా. నీ చదువు చల్లగుండ లివాయ్, పండగనాడు నీ నోట ఒక్క మంచిమాట రాదు కదా!"

సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. గుమ్మం దాటుతుంటే నాకు ఒళ్లంతా తేలికైపోయింది. పోనీ, ఈ ర్యాక్ కిందికైతే వెళ్లలేదు, బతికాం అనుకున్నాను.

ఎంత తెలివిగా ఆలోచించానో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

ఇక మిగిలింది తాతా నేనూ, చుట్టూ ఓ పదిమంది. పండగరోజు జిమ్ ఖాళీగా ఉంటుందనుకుంటారు గానీ, ఇంట్లో పని తప్పించుకోవాలనుకునే మగాళ్లందరూ ఇక్కడే ఉంటారు.

"సరే తాతా, పందెం," అన్నాను. "అరచేతి మేర రంగు తీస్తాను. బీట లేకపోతే మళ్లీ నేనే రంగేస్తాను. ఈ ర్యాక్‌కే కాదు, మొత్తం జిమ్‌కి."

"పందుల దొడ్డికి కూడా," అంది టెస్సీ అక్క వెంటనే.

"సరే. దొడ్డికి కూడా."

తాత బ్రష్ డబ్బాలో పడేశాడు. "గీకు."

థిన్నర్ ముంచిన గుడ్డతో రుద్దాను. రంగు పచ్చిగా ఉండటం ఒకందుకు మంచిదైంది, నాలుగు రుద్దుళ్లకే ఊడొచ్చింది. కింద ఇనుము బూడిదరంగులో బయటపడింది. పదిమందీ తలలు దగ్గర పెట్టి చూశారు. ఏమీ లేదు. నాకే కనబడలేదు. నీలం నీరుగారిపోయి అతుకు అంచుల్లోకి పాకి, ఏది గీతో ఏది మరకో తెలియకుండా చేసింది.

"కనబడుతోందా ఇంజినీరమ్మా?" బోయెట్ అన్న. "నాకైతే బ్రష్షులు కనబడుతున్నాయి. నీ చేతిలో, దొడ్డి ముందు."

"టెస్సీ అక్కా, మీ వంటింట్లో కిరసనాయిలు ఉందా?"

"తగలబెట్టేస్తావా ఏంటే!"

"పొయ్యిలో పోసేదే. సగం గ్లాసు చాలు."

తెచ్చింది. మళ్లీ థిన్నర్‌తో శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, అతుకు మీద కిరసనాయిలు పట్టించాను. "ఇరవై నిమిషాలు ఆగాలి," అన్నాను.

కిరసనాయిలుకి ఒక గుణం ఉంది. మనిషి కన్ను దూరని సందులో కూడా దూరుతుంది. దూరి, అక్కడే దాక్కుంటుంది. పైన ఎంత తుడిచినా లోపలిది పోదు. దాని మీద పొడి సుద్ద చల్లితే, దాక్కున్న నూనెని సుద్ద పీల్చుకుని బయట పెట్టేస్తుంది. పెద్ద ఫ్యాక్టరీల్లో దీనికి ఖరీదైన డబ్బాలు ఉంటాయి. మాకు పొయ్యి నూనే దిక్కు. సుద్ద సంగతి అడగకండి. బరువులెత్తేవాళ్ల జిమ్‌లో సుద్దపొడి అన్నంలో కూడా ఉంటుంది.

ఆ ఇరవై నిమిషాలూ నా జీవితంలో అతి పొడుగైనవి. బోయెట్ అన్న నిమిషానికోసారి టైము చెప్పాడు. టెస్సీ అక్క బాచోయ్ నూడుల్స్ సూపు గిన్నెలు పంచింది, నాకు కావాలని మాంసం లేకుండా పోసింది. ప్లాజా నాలుగు వీధుల అవతలే. అక్కణ్ణుంచి డప్పులు వినబడుతూ ఉన్నాయి, మధ్యమధ్యలో టక్కున ఆగి, మళ్లీ హోరుమని లేస్తూ. పోటీ మొదలైందన్నమాట. లిఫ్టర్ బార్ కిందికి దూరేటప్పుడు డప్పులు ఆపడం, బార్ మళ్లీ ర్యాక్ మీదకి చేరాక మోగించడం మా ఊరి ఆచారం. ఆగినప్పుడల్లా జిమ్‌లో కూడా అందరూ చెంచాలు ఆపేవాళ్లు.

తాత మాత్రం ఒక్క చెంచా కూడా ముట్టలేదు. బెంచీ మీద కూర్చుని ర్యాక్ వైపే చూస్తున్నాడు.

"టైమైపోయింది!" బోయెట్ అన్న అరిచాడు.

పైనున్న నూనె పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేశాను. సుద్దపొడి వేళ్లతో పల్చగా చల్లాను. అతుకు తెల్లగా, పాన్‌దెసాల్ రొట్టె మీద పిండి చల్లినట్టు అయింది.

తెల్లగానే ఉంది.

ఇంకా తెల్లగానే ఉంది.

"దొడ్డికి ఏ రంగైతే బాగుంటుందంటావ్ టెస్సీ?" బోయెట్ అన్న.

"గులాబీ."

ఎవరో నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తెల్లటి సుద్దలో, కింద అంచున, ఒక చుక్క తడిసింది. దాని పక్కన ఇంకోటి. చుక్కలు ఒకదానికొకటి అందుకుని, నల్లటి దారంలా మెల్లగా పైకి పాకాయి. అతుకు ఒక కొస నుంచి మూడొంతుల దూరం వెళ్లి ఆగింది ఆ గీత.

నాకు అరవాలనిపించింది, గెంతాలనిపించింది. రెండూ చేశాను, అబద్ధమెందుకు.

"మూడొంతులు! ఒక్క వంతు మీద వేలాడుతోంది చేయి!"

"ఎక్కడ?" అన్నాడు తాత. లేచి వచ్చి వంగాడు. "ఎక్కడే? చూపించు." వేలు చాపాడు. ఆ వేలు గీతకి రెండంగుళాల పక్కన ఆగింది.

ఎవరూ నవ్వలేదు. బోయెట్ అన్న కూడా. టెస్సీ అక్క గిన్నె కింద పెట్టి తండ్రి ముఖంలోకి చూసింది.

"సుత్తి ఇవ్వండి," అన్నాడు తాత, చూపు తిప్పుకుని.

ఇచ్చాం. ముందు కుడి చేయి మీద కొట్టాడు. టంగ్ మని మోగి, ఆ మోత గది అంతా తిరిగొచ్చింది. తర్వాత ఎడమ చేయి మీద, అంతే బలంతో. టప్. తడిసిన చెక్క మీద కొట్టినట్టు. మళ్లీ కొట్టాడు. టప్.

కళ్లకి అందనిది ఆయన చెవులకి అందింది. ముప్పై ఏళ్లు ఓడల పొట్టలు మోగించి చూసిన చెవులవి. సుత్తి దించి, అతుకు మీద అరచెయ్యి పెట్టాడు. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలన్నట్టు టెస్సీ అక్క నా వైపు సైగ చేసింది. కానీ ఆయన ఆలోచిస్తున్నది కళ్ల గురించి కాదు.

"గుడ్ ఫ్రైడే," అన్నాడు.

"ఏంటి తాతా?"

"పోయినేడు గుడ్ ఫ్రైడేనాడు అతికాను దీన్ని."

చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరిద్దరు శిలువ గుర్తు వేసుకున్నారు. ఆ రోజు మా ఊళ్లో మేకు కూడా కొట్టరు. ఆ రోజు తగిలిన దెబ్బ మానదంటారు.

"దేవుడి సంగతి కాదర్రా," తాత విసుక్కున్నాడు. "బేకరీ సంగతి! ఆ రోజు బేకరీ మూసేశారు."

నాకు ఒక్కసారిగా అర్థమైంది. సముద్రపు గాలికి వెల్డింగ్ రాడ్లు చెమ్మ పడతాయి. చెమ్మ రాడ్‌తో వేసిన అతుకు పైకి నున్నగా, అందంగా ఉంటుంది. లోపల మాత్రం గుల్ల. అందుకే అంబో తాత ఎప్పుడు రాడ్ల కట్ట విప్పినా ముందు వీధి చివర బేకరీకి తీసుకెళ్లి, రొట్టెలు దిగాక వేడి పొయ్యిలో పెట్టిస్తాడు. మా పేటలో పాన్‌దెసాల్‌కి అప్పుడప్పుడు ఇనుము వాసన వస్తే ఎవరూ ఏమీ అనరు, తాత ఏదో అతుకుతున్నాడనుకుంటారు. గుడ్ ఫ్రైడేనాడు పొయ్యి వెలగలేదు. రాడ్లు ఎండలేదు.

"ఈస్టర్ పండగ అయ్యాక చేద్దామనుకున్నా," అన్నాడు తాత. "వాళ్లు వినలేదు. శనివారానికల్లా కావాలన్నారు. రాడ్లు ఒక్క రాత్రి బయట ఉంటే ఏమవుతుందిలే అనుకున్నా. ముప్పై ఏళ్ల అనుభవం కదా, గర్వం. గురువారం కుడి చేయి ఎండిన రాడ్లతో వేశా. అది బంగారం. శుక్రవారం వేసినవి..."

అతుకుల గురించి ఆయన తప్పు ఒప్పుకోవడం ఎవరమూ ఎప్పుడూ చూడలేదు. ఆయన స్టూల్ లాక్కుని ఎక్కి, గుమ్మం పైనున్న జెండాల దండలోంచి నా ఎర్రగుడ్డ లాగాడు. దండంతా ఊడి మా నెత్తిన పడింది. గుడ్డ తెచ్చి, ఎడమ చేతికి తడుముకుంటూ రెండు ముళ్లు వేసి బిగించాడు. తన చేత్తో.

"నువ్వు గెలిచావే పిల్లా," అన్నాడు. "దొడ్డికి రంగు నేనే వేస్తా."

అప్పుడు నా బుర్ర, ఆ నాలుగేళ్లూ చదివిన బుర్ర, ఆలస్యంగా ఒక మాట పట్టుకుంది.

"తాతా, శుక్రవారం 'వేసినవి' అన్నావ్. ఇది ఒక్కటే కదా?"

ఆయన సుత్తి అందుకుని చంకలో పెట్టుకున్నాడు.

"శనివారానికి కావాలన్న వాళ్లెవరు? ఎవరికి కావాలన్నారు?"

"పండగ కమిటీకి," అన్నాడు. "రెండు ర్యాకులు చేశా. ఇక్కడికొకటి, వాళ్లకొకటి. శుక్రవారం మూడు చేతులు వేశా లివాయ్. ఇది ఒకటి. మిగతా రెండూ..."

ప్లాజా స్టేజీ మీద.

నా అంతట నేనే మరివిక్ అక్కని ఇక్కణ్ణుంచి అక్కడికి పంపించాను. పంపించి, బతికాం అనుకున్నాను. ఇక్కడ ఒక్క చేయే గుల్ల. అక్కడ రెండూ.

"ఫోన్ చెయ్యి!" బోయెట్ అన్న అరిచాడు. నేను అప్పటికే చేస్తున్నాను. టెస్సీ అక్క బల్ల సొరుగులో ఏదో బుర్రుబుర్రుమంది. టెస్సీ అక్క సొరుగు లాగి చూపించింది. చేప బొమ్మ ఉన్న కవరు. లిఫ్టుకి ముందు మనసు చెదరకూడదని మరివిక్ ఎప్పుడూ ఫోన్ అక్కడ పెట్టే వెళుతుంది.

"నా బండి ఎక్కండి!"

"ఊరేగింపు ఉందిగా, నీ బండి వీధి మలుపు కూడా తిరగదు!" అని టెస్సీ అక్క అంటుండగానే నేను చెప్పులు విప్పేశాను. తాత ఇప్పుడే కట్టిన ముడి విప్పి, గుడ్డని పళ్లతో పట్టి రెండుగా చింపాడు. ఒక ముక్క ర్యాక్‌కి చుట్టాడు. ఇంకోటి నా చేతిలో పెట్టాడు. "నువ్వు పరిగెత్తు. నేను వెనకాలే వస్తా. నా మాటయితే వాళ్లు వింటారు."

"కమిటీ వాళ్లు నా మాట వినరా?"

"నువ్వు రంగు చెడగొట్టావంటారు. నేనైతే నా పని చెడిందంటా."

వీధులన్నీ జనం. పడవలు లాగిపెట్టిన ఒడ్డు వెంబడి పరిగెత్తాను. తడి పెయింటు పూసిన పడవల మధ్య దూరి, వలల మీంచి దూకి, ఎవరి పళ్లెంలోంచో పంది రోస్ట్ కింద పడేసి, తిట్లు తిని. వెనక తాత చేతిలో సుత్తి ఇంకా ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి సుత్తి పట్టుకుని పరిగెడుతుంటే జనం వాళ్లంతట వాళ్లే దారి ఇచ్చారు.

ప్లాజా మూల తిరిగేసరికి స్పీకర్ చెవులు పగలగొట్టింది. "తర్వాత మన రేవు ఆడపడుచు, మన మార్కెట్ సింహం, మరివిక్! నూట! ముప్పై! కిలోలు!"

స్టేజీకి నాకూ మధ్య వెయ్యి తలలు. వాటి మీదుగా ర్యాక్ కనబడుతోంది, మా దానిలాగే కొత్త నీలం రంగుతో. దాని ముందు మరివిక్ అక్క, సుద్ద పూసిన చేతులు చరుస్తూ. ఎర్రగుడ్డ చెయ్యెత్తి ఊపాను. చుట్టూ వెయ్యి జెండాలు ఊగుతున్నాయి. సగం ఎర్రవే.

"అక్కా! ఆగు! అక్కా!"

డప్పుల హోరులో నా అరుపు నాకే వినబడలేదు.

ఇంకోసారి అరవడానికి ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడే డప్పులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.